చక్రం ఎక్కడుంది? ఎడిన్‌బరా ఫుట్‌పాత్ పార్కింగ్ నిషేధం: కేస్ స్టడీ

ఫుట్‌పాత్ మీద బండి పెట్టకూడదని పెట్టినవాడికీ తెలుసు, చలానా రాయాల్సినవాడికీ తెలుసు. తీరా రాయబోతే ఒక ప్రశ్న దగ్గర కలం ఆగిపోతుంది: ఈ బండి వల్ల ఎవరికి అడ్డమైంది? పక్కన మూడడుగులు ఖాళీ ఉంది కదా, జనం పోతూనే ఉన్నారు కదా, పెట్టింది ఐదు నిమిషాలే కదా. ఈ మూడు 'కదా'లకు జవాబు చెప్పలేక పాత చట్టాలు పడకేశాయి. 2019లో స్కాట్లాండ్ చేసిన చట్టం ఆ ప్రశ్నను ఎత్తేసి, దాని చోట కంటితో చూసి చెప్పగలిగేది ఒక్కటి పెట్టింది: చక్రం ఎక్కడుంది?

నిషేధం 2023 డిసెంబర్ 11న అమల్లోకి వచ్చింది. ఎడిన్‌బరా నగర కౌన్సిల్ 2024 జనవరి 29 నుంచి నోటీసులు వేయడం మొదలుపెట్టింది. జరిమానా 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 50. అక్కడ పేవ్‌మెంట్ అనేదాన్నే మనం ఫుట్‌పాత్ అంటాం కాబట్టి ఇక్కడ ఆ మాటే వాడుతున్నాం. చట్టంలోని మాటలు ఎలా కుదిరాయి, వీధిలోకి వచ్చేసరికి ఏవి పట్టు సడలాయి, మన దగ్గర అలాంటి నిబంధనే ఉన్నా ఎందుకు కరవడం లేదు అన్నవే ఇక్కడ చూడాల్సినవి.

పాత చట్టంలో చిక్కు

1984 నాటి రోడ్స్ (స్కాట్లాండ్) చట్టం 129వ సెక్షన్ ప్రకారం ఫుట్‌పాత్ మీద వాహనం నడపడం అప్పటికే నేరం. కారు ఆకాశం నుంచి ఊడిపడదు. కాబట్టి ఫుట్‌పాత్ మీద కనిపించిన ప్రతి కారూ ఆ నేరం చేసే అక్కడికి చేరి ఉండాలి. కానీ కేసు నిలవాలంటే ఫలానా మనిషి నడుపుతుండగా చూశానని ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి. ఆగి ఉన్న కారు దగ్గర ఆ సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తారు?

రెండో దారి 'అనవసరపు అడ్డంకి'. 1986 నాటి వాహన నిర్మాణ, వినియోగ నిబంధనల్లో 103వది ఇదే చెబుతుంది. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. అయితే 'అనవసరపు' అన్న మాటకు కొలత లేదు. చక్రాల కుర్చీ పోలేకపోతే అడ్డంకేనా? ఆ సమయంలో చక్రాల కుర్చీలో ఎవరూ రాకపోతే? జంట పిల్లల బండి తోసుకొస్తున్న తల్లి రోడ్డు మీదికి దిగి చుట్టి వెళ్లిపోతే, అడ్డం తొలగినట్టా, లేనట్టా? ప్రతిసారీ ఒక పోలీసు అధికారి అక్కడికక్కడ తీర్పు చెప్పాలి. స్కాట్లాండ్ పోలీసులు 2014 ఫిబ్రవరిలో ట్రాఫిక్ వార్డెన్ల సేవనే ఉపసంహరించుకున్నాక, ఆ తీర్పు చెప్పేందుకు వీధిలో మనిషి కూడా కరవయ్యాడు.

లండన్‌కు ఈ బాధ లేదు. గ్రేటర్ లండన్ కౌన్సిల్ చట్టం ద్వారా 1974లోనే అక్కడ ఫుట్‌పాత్ పార్కింగ్ నిషేధం వచ్చింది. ఆపుకోవచ్చని కౌన్సిల్ తీర్మానించి బోర్డు పెట్టిన వీధుల్లో తప్ప మిగతా అంతటా తప్పే. స్కాట్లాండ్ అదే దారి పట్టాలనుకుంది గానీ, పార్కింగ్ మీద చట్టం చేసే అధికారం ఎడిన్‌బరాలోని పార్లమెంటుకు ఉందా లేదా అన్నది తేలలేదు. సాండ్రా వైట్ అనే సభ్యురాలు 2015లో ప్రైవేటు బిల్లు పెట్టారు, అది గట్టెక్కలేదు. 2016 స్కాట్లాండ్ చట్టంతో ఆ అధికారం బదిలీ అయ్యింది. 2019 అక్టోబర్‌లో రవాణా బిల్లు పాసై, నవంబర్‌లో రాజముద్ర పడింది. ఆ తర్వాత నాలుగేళ్లు కింది స్థాయి నిబంధనలకు, వీధుల సర్వేకు పోయాయి. బయటివాళ్లకు అది జాప్యంలా కనిపించింది. సర్వే పని ఎంతుంటుందో కింద చూస్తే ఆ నాలుగేళ్లు ఎందుకు పట్టాయో తెలుస్తుంది.

చట్టం మాటలు

2019 రవాణా చట్టం ఆరో భాగంలో మూడు నిషేధాలున్నాయి.

మొదటిది ఫుట్‌పాత్ మీద పార్కింగ్. మోటారు వాహనం కదలకుండా ఉండి, దాని ఒక్క చక్రమైనా, ఆ చక్రంలో కొంత భాగమైనా ఫుట్‌పాత్‌లో ఏ భాగం మీద ఉన్నా, పార్క్ చేసినట్టే. ఇంజన్ ఆన్‌లో ఉన్నా, డ్రైవర్ లోపల కూర్చునే ఉన్నా లెక్క మారదు. ఈ ఒక్క వాక్యంలో 'నేను పార్క్ చేయలేదండీ, ఆపానంతే' అనే వాదన చచ్చిపోయింది. 'ఇంకా చోటుందిగా' అనేది కూడా.

రెండోది డబుల్ పార్కింగ్: రోడ్డు అంచు నుంచి 50 సెంటీమీటర్ల లోపల వాహనంలో ఏ భాగమూ లేకపోతే తప్పు. మూడోది దిగువ కెర్బ్ (ఫుట్‌పాత్ అంచు రాయి) దగ్గర. పాదచారులు, సైకిళ్లు రోడ్డులోకి దిగడానికి కెర్బ్ రాయిని రోడ్డు మట్టానికి దించిన చోట ఎదురుగా ఆపకూడదు. ఇళ్ల గేట్ల ముందు వాలు ఇందులోకి రాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. తమ గేటుకు అడ్డం పెట్టినవాడి మీద ఈ చట్టం కింద ఫిర్యాదు చేస్తారు. అది దీని పరిధి కాదు.

చక్రం పరీక్ష తేలికే గానీ, దానికీ ఒక కన్నం ఉంది. చక్రం రోడ్డు మీదే ఉండి, బంపరు మాత్రం ఫుట్‌పాత్ మీదికి వస్తే? ఫుట్‌పాత్‌కు లంబంగా గీసిన బేలో (పార్కింగ్ గడిలో) వెనక్కి పెట్టిన కారు తోక అరమీటరుకు పైగా ఫుట్‌పాత్ మీదికి పొడుచుకు వస్తుంది. రెండు మీటర్ల ఫుట్‌పాత్‌లో అంటే పాతిక శాతం పోయినట్టే. స్కాట్లాండ్ మాటల ప్రకారం అది తప్పు కాదు. లండన్ నోటీసుల్లో 62వ కోడ్ 'చక్రం ఫుట్‌పాత్ మీద గానీ, దాని పైన గానీ' అంటుంది. అక్కడా లెక్క చక్రందే, బంపరుది కాదు. ఈ కన్నాన్ని చట్టంతో పూడ్చలేం. బే గీసేటప్పుడే ఫుట్‌పాత్ అంచుకు అరమీటరు ముందు చక్రం ఆగేలా రాయి పెట్టాలి. చాలాచోట్ల గీతలు గీసే కాంట్రాక్టర్ ఆ రాయి వేయడు, ఎందుకంటే కొలతల పట్టీలో అది ఉండదు.

ఇంకో చిక్కు, ఫుట్‌పాత్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందన్నది. దుకాణం ముందు రాతి పలకలు వేసి ఉంటే ఎంతవరకు కౌన్సిల్‌ది, ఎంతవరకు సొంత స్థలం? రెండూ ఒకే రంగు పలకలైతే నోటీసు వేసే కౌన్సిల్ పార్కింగ్ అటెండెంట్‌కు తెలియదు, డ్రైవర్‌కు అసలే తెలియదు. అమలు మొదలయ్యే ముందే ఇలాంటి చోట్ల కౌన్సిల్ రోడ్ల జాబితా పటం తీసి, సరిహద్దు గీత ఫోటోతో సహా అటెండెంట్ చేతి పరికరంలోకి ఎక్కించాలి. లేకపోతే అప్పీల్లో మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. కెర్బ్ లేకుండా రోడ్డూ నడకదారీ ఒకే మట్టంలో వేసిన 'పంచుకునే వీధులు' ఇంకా కష్టం. మీద ఉందనాలంటే ఆ 'మీద' ఎక్కడో ముందు తేలాలి.

మినహాయింపులు: 20 నిమిషాలు, 1.5 మీటర్లు

పోలీసు, అంబులెన్స్, ఫైర్, కోస్ట్‌గార్డ్ వాహనాలు, రోడ్డు పనులు, చెత్త సేకరణ, తపాలా, అత్యవసరానికి వచ్చిన డాక్టరు, ప్రమాదంలో సాయం, ఆగిపోయిన బండి, యూనిఫాంలో ఉన్న పోలీసు చెప్పి పెట్టించినది. ఇవన్నీ ఊహించినవే. వికలాంగుల పార్కింగ్ కార్డు అయిన బ్లూ బ్యాడ్జ్‌కు మినహాయింపు లేకపోవడం కొందరికి ఆశ్చర్యంగా ఉంది గానీ, ఫుట్‌పాత్ మూసేస్తే మొదట ఇబ్బంది పడేది ఇంకో బ్లూ బ్యాడ్జ్ మనిషే.

అసలు తకరారు డెలివరీ వ్యాన్లది. వ్యాపారం కోసం సరుకు దించడానికో ఎక్కించడానికో ఫుట్‌పాత్ ఎక్కక తప్పకపోతే ఎక్కొచ్చు. అయితే షరతులన్నీ ఒకేసారి కుదరాలి. ఫుట్‌పాత్ ఎక్కకుండా ఆ పని చేసే వేరే వీలు ఉండకూడదు, వాహనానికీ ఫుట్‌పాత్ లోపలి అంచుకూ మధ్య కనీసం 1.5 మీటర్లు వదలాలి, పనికి కావలసినంత సేపే ఉండాలి, అదీ 20 నిమిషాలు దాటకూడదు.

ఈ ఒక్క మినహాయింపుతో కొలత పని మళ్లీ వీధిలోకి వచ్చింది. 'వేరే వీలు లేదు' అనేది పాత 'అనవసరపు అడ్డంకి'కి చిన్న చెల్లెలు. దగ్గర్లో సరుకు దించుకునే లోడింగ్ బే ఖాళీగా ఉంటే వీలుందని చెప్పొచ్చు కాబట్టి, అటెండెంట్ ఆ ఖాళీ బే ఫోటో కూడా తీయడం మంచిది. 20 నిమిషాలు కొలవాలంటే రెండుసార్లు రావాలి. మధ్యలో వ్యాన్ వెళ్లి తిరిగొచ్చి అదే చోట ఆగితే? దీనికి బ్రిటన్ పార్కింగ్ సిబ్బంది దగ్గర పాత ఉపాయం ఉంది. టైరుకు గాలి కొట్టే వాల్వ్ ఏ దిక్కున ఉందో గడియారం ముల్లులా రాసుకుంటారు: ముందు టైరు 4, వెనక టైరు 11. వ్యాన్ ఒక చుట్టు తిరిగొస్తే ఆ రెండు అంకెలూ మళ్లీ అలాగే కలవడం దాదాపు జరగదు. కెమెరాలు, యాప్‌లు వచ్చాక కూడా ఈ పద్ధతి పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు.

1.5 మీటర్లు ఎక్కడిదంటే: చక్రాల కుర్చీ ఒకటీ, ఎదురుగా నడిచొచ్చే మనిషి ఒకరూ ఒకరినొకరు తప్పుకోవడానికి బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పే వెడల్పు అది. రెండు చక్రాల కుర్చీలు ఎదురైతే 2 మీటర్లు కావాలి. చూపులేనివారి సంగతి వేరు. కర్ర నేల మీద ఊపుకుంటూ వచ్చే మనిషికి ఆగి ఉన్న కారు టైరు దొరుకుతుంది గానీ, నడుము ఎత్తున పొడుచుకొచ్చిన సైడ్ అద్దం దొరకదు. గైడ్ డాగ్‌తో వచ్చేవారికి దారి పూర్తిగా మూసుకుపోతే, కుక్క కెర్బ్ అంచుకు తీసుకెళ్లి ఆగుతుంది, మనిషి ఆదేశం ఇచ్చాక రోడ్డులోకి దిగి కారు చుట్టి మళ్లీ పైకి తెస్తుంది. ఆ పది పదిహేను సెకన్లూ వారు ట్రాఫిక్‌లో ఉన్నట్టే. ఎలక్ట్రిక్ కార్ల చప్పుడు వినిపించని ఈ రోజుల్లో అది మునుపటికంటే ప్రమాదం.

వీధి సర్వే: టేపు పట్టుకుని లెక్క

మినహాయింపు ఉత్తర్వు ఇచ్చే అధికారం కౌన్సిళ్లకు ఉంది. కారణాలు మాత్రం రెండే. కారు ఫుట్‌పాత్ ఎక్కినా 1.5 మీటర్లు మిగిలితే ఒకటి, ఎక్కకపోతే రోడ్డు ఇరుకై అత్యవసర వాహనాలు పోలేకపోతే రెండు. ఎడిన్‌బరా ఏ వీధికీ మినహాయింపు ఇవ్వకుండానే మొదలుపెట్టింది. అది సరైన నిర్ణయమని మా అభిప్రాయం. కారణం ఈ లెక్కలో ఉంది.

ఉదాహరణకు రోడ్డు 6.4 మీటర్లు, రెండు పక్కలా 2 మీటర్ల ఫుట్‌పాత్‌లు ఉన్న వీధి అనుకుందాం. అద్దాలతో కలిపి కారు 2 మీటర్లు. రెండు పక్కలా 80 సెంటీమీటర్లు ఫుట్‌పాత్ ఎక్కించి పెడితే ఒక్కో కారు రోడ్డులో 1.2 మీటర్లు తింటుంది. మధ్యలో 4 మీటర్లు మిగులుతుంది, ఫైరింజన్ హాయిగా పోతుంది. ఫుట్‌పాత్‌లో మిగిలేది 1.2 మీటర్లు, అంటే మొదటి కారణం కింద మినహాయింపు రాదు. ఇప్పుడు నిషేధం వచ్చింది, కార్లన్నీ బుద్ధిగా కిందికి దిగాయి. 6.4లో 4 పోతే మధ్యలో 2.4. ఫైరింజన్ ఒళ్లే దాదాపు 2.5 మీటర్లు. చట్టం పాటించిన వీధిలోకి ఫైరింజన్ రాలేదు!

రెండో కారణం చూపి ఇక్కడ మినహాయింపు ఇవ్వొచ్చు. అలా ఇస్తే ఫుట్‌పాత్ శాశ్వతంగా 1.2 మీటర్లే. లేదా ఒక పక్క డబుల్ పసుపు గీతలు వేసి ఆ పక్క పార్కింగ్ పూర్తిగా ఆపేయొచ్చు. అప్పుడు 6.4లో 2 పోతే 4.4 మిగులుతుంది, రెండు ఫుట్‌పాత్‌లూ పూర్తిగా ఖాళీ. ఖర్చు ఏమిటంటే, కారుకు 6 మీటర్ల చొప్పున 100 మీటర్ల వీధికి ఒక పక్క సుమారు 16 కార్ల చోటు పోతుంది. ఈ 16 కార్లు పక్క వీధికి పోతాయి కాబట్టి సర్వే ఒక్క వీధికి చేస్తే చాలదు, చుట్టూ నాలుగు వీధులు కలిపి చేయాలి. పసుపు గీతలకు ట్రాఫిక్ ఉత్తర్వు, ప్రకటన, అభ్యంతరాల గడువు అంటూ నెలలు పడుతుంది. నిషేధం మొదలై గీతలు పడని ఆ మధ్య కాలమే అసలు గండం. గీతల ఉత్తర్వు ముందు, నోటీసులు తర్వాత అన్న వరస తప్పకూడదు.

కొలిచేటప్పుడు జరిగే తప్పులు ఎప్పుడూ అవే. ఫుట్‌పాత్ వెడల్పు సగటు తీస్తారు, అవసరమైనది అతి ఇరుకైన చోటి కొలత. దీపస్తంభం ఇంటి గోడ వైపు ఉంటే ఆ 1.5 మీటర్లు స్తంభం దాకే లెక్క, గోడ దాకా కాదు. పొద్దున పదింటికి వెళ్తే సగం కార్లు ఆఫీసులకు వెళ్లిపోయి ఉంటాయి. అసలు రద్దీ రాత్రి తొమ్మిది తర్వాత. చెత్త డబ్బాలు బయట పెట్టే రోజు ఒకసారి వెళ్లి చూడకపోతే, కాగితం మీద 1.8 ఉన్న దారి గురువారం ఉదయం 1.1 అవుతుందని ఎవరికీ తెలియదు.

నోటీసు ఎలా వేస్తారు

ఎడిన్‌బరాలో పార్కింగ్ ఉల్లంఘనల్లో ఎక్కువ భాగం 1998లోనే పోలీసుల చేతి నుంచి కౌన్సిల్ చేతికి వచ్చాయి. నేరం కాకుండా పౌర జరిమానా అయ్యాయి. కొత్త నిషేధం ఆ ఏర్పాటు మీదే కూర్చుంది. అటెండెంట్ వీధిలో ఉంటాడు, నోటీసు రిజిస్టరైన యజమాని పేరున పోతుంది, అభ్యంతరం ఉంటే ముందు కౌన్సిల్‌కు, ఆపై ట్రిబ్యునల్‌కు. ఎవరు నడిపారన్న ప్రశ్నే రాదు.

ఫుట్‌పాత్ కేసులో కనిపెట్టి ఉండే సమయం అక్కర్లేదు, చూసిన క్షణమే తప్పు. కానీ ఫోటోలు సరిగా లేకపోతే ఆ కేసు నిలవదు. కనీసం నాలుగు కావాలి: నంబర్ ప్లేటు, ఫుట్‌పాత్ మీద చక్రం దగ్గరగా (టైరు కెర్బ్ రాయిని దాటి పైన ఉన్నట్టు తెలియాలి, కెమెరా మోకాలి ఎత్తున ఉండాలి), కారు మొత్తం వీధి పేరు బోర్డుతో లేదా గుర్తుపట్టే కట్టడంతో, ఆపై అద్దం లోపల కాగితాలు. నిలబడి పై నుంచి తీసిన ఫోటోలో టైరు కెర్బ్‌కు ఆనుకుని ఉందా, ఎక్కి ఉందా తెలియదు. నోటీసు రద్దు చేయించుకోవాలంటే ఆ అనుమానం చాలు.

సైకిల్ లేన్లు

ఇక్కడ స్కాట్లాండ్ అంత గట్టిగా లేదు. సైకిల్ ట్రాక్, అంటే రోడ్డు నుంచి విడదీసిన దారి మీద పార్క్ చేయడం 129వ సెక్షన్ కింద నేరమే. కానీ నేరం కాబట్టి పోలీసే రావాలి. రోడ్డు మీద రంగుతో గీసిన లేన్ అయితే గీత రకాన్ని బట్టి మారిపోతుంది. ముక్కలు ముక్కలుగా ఉన్న తెల్ల గీతకు పెద్దగా విలువ లేదు. కలిపి గీసిన తెల్ల గీతలోకి వాహనం రాకూడదు గానీ, ఆపడాన్ని గట్టిగా అడ్డుకోవాలంటే దాని పక్కన పసుపు గీతలు కూడా ఉండాలి. ఇంగ్లాండ్‌లో 2020 జూన్ 22 నుంచి, కలిపి గీసిన సైకిల్ లేన్‌లో ఆగిన వాహనాలకు కౌన్సిళ్లు కెమెరా ద్వారా తపాలాలో నోటీసు పంపే వీలు వచ్చింది. సైకిల్ లేన్‌లో ఆగేవాళ్లు సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఆగుతారు. అటెండెంట్ నడిచి వచ్చేలోపు వెళ్లిపోతారు. కాబట్టి కెమెరా లేని సైకిల్ లేన్ చట్టం కాగితానికే పరిమితం.

ఇంగ్లాండ్ ఫుట్‌పాత్‌ల మీద అదే ఏడాది ఆగస్టు నుంచి నవంబర్ దాకా మూడు దారులతో ప్రజాభిప్రాయం సేకరించింది. అందులో ఒకటి, 'అనవసరపు అడ్డంకి'ని కౌన్సిళ్లే శిక్షించేలా అధికారం ఇవ్వడం. అధికారం మారుతుంది, ప్రశ్న మారదు. పోలీసు చెప్పలేని తీర్పును పార్కింగ్ అటెండెంట్ చెబుతాడని ఎలా అనుకున్నారో!

మన దగ్గర

2017లో కేంద్రం తెచ్చిన మోటారు వాహనాల (డ్రైవింగ్) నిబంధనల్లో 22వది ఫుట్‌పాత్ మీద, సైకిల్ ట్రాక్ మీద, జీబ్రా క్రాసింగ్ మీద పార్క్ చేయకూడదని సూటిగా చెబుతుంది. అంటే స్కాట్లాండ్ కష్టపడి సాధించిన ఆ చోటు పరీక్ష మనకు ముందే ఉంది. పైగా సైకిల్ ట్రాక్‌నూ ఒకే వాక్యంలో కలిపారు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 177ఎ సెక్షన్ ఈ నిబంధనలు మీరితే 500కు తగ్గకుండా 1000 రూపాయల దాకా జరిమానా అంటుంది. 2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, రాష్ట్రాలను మార్గదర్శకాలు రూపొందించమంది.

మరి ఎక్కడ జారిపోతోంది? మొదట, ఫుట్‌పాత్ కట్టేది మున్సిపాలిటీ, చలానా రాసేది ట్రాఫిక్ పోలీసు. ఫుట్‌పాత్ మీది బడ్డీ కొట్టును తీయడానికి జీహెచ్‌ఎంసీకి దాని చట్టంలో 402, 405 సెక్షన్లున్నాయి, వీధి వ్యాపారుల విషయంలో 2014 చట్టం ప్రకారం పద్ధతి పాటించాలి. అదే చోట నిలబెట్టిన కారు జోలికి పోవాలంటే మాత్రం పోలీసును పిలవాలి. బండిని తీసుకెళ్లాలన్నా, చక్రానికి తాళం వేయాలన్నా మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి కావాలి. పోలీసుకు మొదటి పని బండ్లు కదిలించడం. ఫుట్‌పాత్ మీద ఉన్న బండి రోడ్డును ఆపడం లేదు కాబట్టి, ఒక రకంగా అతని పనికి అది సాయమే. చేదుగా ఉన్నా నిజమిది.

రెండోది, చలానా ఏ సెక్షన్ కింద రాస్తున్నారన్నది. అదే చట్టం 122వ సెక్షన్ కింద రాస్తే మళ్లీ ప్రమాదం, అడ్డంకి, అనుచిత అసౌకర్యం అన్న పాత ప్రశ్నలే వస్తాయి, ఎడిన్‌బరా వదిలించుకున్నవే. 22వ నిబంధన కింద రాస్తే చక్రం ఫోటో ఒక్కటి చాలు. చలానా యంత్రంలో 'రాంగ్ పార్కింగ్' అని ఒక్కటే బటన్ ఉంటే, కింద ఏ సెక్షన్ ముద్రపడుతుందో ఒకసారి తీసి చూడాలి. ఫుట్‌పాత్‌కు వేరే బటన్ పెట్టించడం ఖర్చు లేని పని.

మూడోది డిస్కౌంట్ల తీరు. ఎడిన్‌బరాలో 14 రోజుల్లో కడితే సగం తగ్గుతుంది. తెలంగాణలో 2022 మార్చిలో బకాయి చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబర్ చివర్లో 80 శాతం తగ్గించారు. అక్కడ త్వరగా కట్టినవాడికి లాభం, ఇక్కడ ఏళ్ల తరబడి కట్టనివాడికి లాభం. రెండుసార్లు అలా జరిగాక మూడోసారి కోసం ఎదురుచూడని వాహనదారుడు ఉంటాడా?

ఇక అక్కడ లేని మన సమస్య, బైకులు. బొల్లార్డులు (అడ్డంగా పాతే పొట్టి స్తంభాలు) పాతితే సరిపోతుందని ప్రతి సమావేశంలో ఎవరో ఒకరు అంటారు. చక్రాల కుర్చీ పోవడానికి కనీసం 90 సెంటీమీటర్ల సందు వదలాలి. యాక్టివా మొత్తం వెడల్పు 70 సెంటీమీటర్లు. కుర్చీ పట్టే ప్రతి సందులోనూ స్కూటర్ పడుతుంది. స్కూటర్‌ను ఆపేలా సందు మూస్తే కుర్చీ కూడా ఆగిపోతుంది. ఎత్తు పెంచితే? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103వ కోడ్ కెర్బ్ 150 మిల్లీమీటర్లు మించొద్దంటుంది. బైకులు ఎక్కకుండా అడుగెత్తు కడితే మోకాళ్ల నొప్పులవాళ్లు రోడ్డు మీదే నడుస్తారు, బైకులు మాత్రం పక్కింటి గేటు వాలు మీదుగా ఎక్కుతాయి. అంటే కార్లను రాయితో ఆపొచ్చు, బైకులను చలానాతోనే ఆపాలి. కార్లు ఎక్కే చోట్ల ఇంకో నష్టం కూడా ఉంది. ఫుట్‌పాత్‌కు వేసేది మామూలుగా 60 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు. బండ్లు తిరిగే చోట 80 కావాలి. టన్ను బరువు రోజూ ఎక్కిదిగుతుంటే ఆరు నెలల్లో బ్లాకులు కుంగి, వానాకాలంలో నీళ్లు నిలిచి, నడిచేవాడు తనంతట తానే రోడ్డు మీదికి దిగిపోతాడు.

బండ్లు దించితే ఎక్కడికి పోతాయన్నది నిజమైన ప్రశ్నే. తెలంగాణ 2018లో 63వ నంబర్ జీవోతో మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఉచితం చేసింది. అయినా మాల్ ముందు ఫుట్‌పాత్ మీద బైకులుంటాయి, ఎందుకంటే సెల్లార్ దిగి ఎక్కడానికే పది నిమిషాలు. ఒక్క కారు బే 5 మీటర్ల పొడవు, 2.5 వెడల్పు ఉంటుంది. అందులో బైకులను అడ్డంగా, ఒక్కోదానికి 80 సెంటీమీటర్లు ఇచ్చి పెడితే ఆరు పడతాయి. ఫుట్‌పాత్ మీది పన్నెండు బైకులకు రోడ్డు మీద రెండు కార్ల చోటు చాలు, అదీ దుకాణం గుమ్మానికి 30 మీటర్లలోపు. ముందు ఆ రెండు బేలకు గీతలు గీసి, బైకు బొమ్మ వేసి, బోర్డు పెట్టి, తేదీ కనిపించేలా ఫోటో తీసి ఫైల్లో పెట్టాలి. రెండు వారాలు హెచ్చరిక చీటీలు మాత్రమే. ఆ తర్వాత మొదటి చలానా, 22వ నిబంధన కింద, మోకాలి ఎత్తు నుంచి తీసిన చక్రం ఫోటోతో.